పొయ్యి నుంచి కుళాయికి కనిష్ఠ దూరం

బోడిమెట్ట పునరావాస కాలనీలో రెండు వందల నలభై ఇళ్ళున్నాయి. దక్షిణం నుంచి ఉత్తరానికి పన్నెండు వరుసలు, వరుసకు ఇరవై ఇళ్ళు. ప్రతి వరుసలోనూ పదో ఇంటికీ పదకొండో ఇంటికీ మధ్య నడిమి రోడ్డు పోతుంది. రిజర్వాయరు కింద మునిగిన పాత ఊళ్ళో వీధులు ఎటు పడితే అటు తిరిగేవి. కాలనీని జిల్లా కేంద్రంలో గ్రాఫు కాగితం మీద గీసి, తర్వాత నేల మీదకి దించారు. గ్రాఫు కాగితం మీద నీళ్ళు లేవు. నేల మీదా లేవు.

నాలుగేళ్ళు ట్యాంకరు నీళ్ళతో గడిచాక కాలనీకి ఒక బోరు, దానికో కుళాయి మంజూరయ్యాయి. ఒకటే కాబట్టి ఎక్కడ వెయ్యాలన్నది ప్రత్యేకాధికారి విఠలేశ్వరరావుగారు నిర్ణయించాలి. నెల ముందైతే ఆయన ఖాళీ జాగా చూసి వెయ్యమనేవారు. ఈలోపు మూడు రోజుల శిక్షణకు వెళ్ళివచ్చారు. అక్కడ గళ్ళ మీద దూరాలు లెక్కకట్టడం నేర్పారు. గళ్ళుగా కట్టిన ఊళ్ళో మనిషి కాకిలా అడ్డంగా ఎగిరిపోడు. వీధి వెంట నడుస్తాడు, మలుపు తిరుగుతాడు, మళ్ళీ నడుస్తాడు. కాబట్టి తూర్పు పడమరల నడకా ఉత్తర దక్షిణాల నడకా కలిపితే వచ్చేదే దూరం. ఏ చోటుకు అన్ని ఇళ్ళ దూరాల మొత్తం అన్నిటికన్నా తక్కువ వస్తుందో అది కనిష్ఠ దూర బిందువు. ఇందులో తప్పేమీ లేదు.

"ప్రజల నడకశక్తి జాతి సంపద," అని విఠలేశ్వరరావుగారు కాలనీ సభలో చెప్పారు. "ఒక్క అంగ కూడా వృథా కావడానికి వీల్లేదు. కుళాయి బిందువు మీదే ఉంటుంది. బిందువుకి అటూ ఉండదు, ఇటూ ఉండదు."

అసిస్టెంట్ ఇంజనీరు దివాకర్‌కి ఒక సందేహం వచ్చింది. ఇంటి నుంచి దూరం కొలవాలంటే ఇంట్లో ఎక్కడి నుంచి కొలవాలి? గేటా, గడపా, దొడ్డా? చాలా ఇళ్ళకు గేట్లు లేవు. కొన్నిటికి గడపలూ లేవు.

"పాత ఊళ్ళో ఇళ్ళెట్లా లెక్కపెట్టేవాళ్ళు?" అని ప్రత్యేకాధికారి అడిగారు.

కాలనీ కమిటీ ప్రెసిడెంటు గోనుగుంట్ల సాంబయ్య ముందుకొచ్చాడు. "మాది పొయ్యి లెక్కండి. అమ్మోరి కొలుపులకి చందాలైనా, వేట మాంసం పోగులైనా పొయ్యికింతని. ఒక ఇంట్లో అన్నదమ్ములిద్దరు వేరుపడితే రెండు పొయ్యిలు, రెండు పోగులు. పొయ్యి లేని కొంపని మేం కొంపనే అనం."

ప్రత్యేకాధికారికి ఇది నచ్చింది. నీళ్ళు చివరికి చేరేదీ పొయ్యి మీదకే. "ఇల్లు అనగా పొయ్యి" అని నిర్వచనం రాయించారు. దివాకర్ వారం రోజులు రెండు వందల నలభై వంటిళ్ళలోకి వెళ్ళి రెండు వందల నలభై పొయ్యిల స్థానాలు రాసుకున్నాడు. కంప్యూటరు ఒక నిమిషంలో జవాబు చెప్పింది. దక్షిణం నుంచి ఆరో వరుస, పడమర నుంచి పదో ఇల్లు.

అది పేరం సామ్రాజ్యం ఇల్లు. ఆమెకు యాభై నాలుగేళ్ళు. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. కూలికి పోతుంది. రెండు మేకలున్నాయి. పాత ఊళ్ళో ఒక ఇల్లు రిజర్వాయరుకిచ్చింది. దివాకర్ ఆమె వంటింట్లోకి వచ్చి, పొయ్యి మీద గిన్నె దించమని, పొయ్యికి అడ్డంగా పసుపు రంగుతో ఇంటూ గుర్తు వేశాడు.

"ఏంది సారూ ఇది?"

"బోరు పాయింటమ్మా."

"పొయ్యిలో బోరేందయ్యా?"

"బిందువు ఇక్కడ పడింది. ఇల్లు తియ్యాల్సి వస్తుంది. పరిహారం ఫైలు వేరే సెక్షను చూస్తుంది."

సామ్రాజ్యం అతన్ని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. ఆమె వంటిల్లు నడిమి రోడ్డు వైపే ఉంది. గోడ అవతల రోడ్డు పక్క జాగా ఖాళీగా ఉంది. పొయ్యి నుంచి అక్కడికి పద్దెనిమిది అడుగులు. దివాకర్ టేపుతో కొలిచి చూశాడు. పద్దెనిమిదే.

"అదిగో, అక్కడెయ్యండి. కొంప కూల్చే పని లేదు."

"పద్దెనిమిది అడుగులు తేడా వస్తుందమ్మా. రెండు వందల నలభై ఇళ్ళు, రోజుకి ఆరు సార్లు, ఏడాదికి మూడు వందల అరవై ఐదు రోజులు. ఎన్ని లక్షల అడుగులవుతుందో చూడండి."

ఆమె చూడలేకపోయింది. పక్క వరుసలో పడమటి వైపే ఉండే దూదేకుల హుసేను చూశాడు. ఆయనకు డెబ్బై దాటాయి. పాత ఊళ్ళో పులీ మేకా ఆడేవాడు. కాలనీకి వచ్చాక ఆడేవాళ్ళు తగ్గి, రెండు పక్షాలూ తనే ఆడుతున్నాడు. ఆయన అరుగు మీద సుద్దతో గళ్ళు గీసి, రెండు వందల నలభై చింతగింజలు పేర్చాడు. అది చెయ్యడానికి ఒక పూట పట్టింది. తర్వాత దివాకర్‌ని పిలిచాడు.

"చూడు నాయనా. కుళాయిని సామ్రాజ్యం పొయ్యి మీంచి తూర్పుకి పద్దెనిమిది అడుగులు జరిపావనుకో. పడమటి నూట ఇరవై కొంపలకీ పద్దెనిమిది అడుగులు ఎక్కువ. తూర్పు నూట ఇరవై కొంపలకీ పద్దెనిమిది అడుగులు తక్కువ. దానికీ దీనికీ చెల్లు. మొత్తంలో తేడా ఎంత?"

దివాకర్ చింతగింజల్ని చూశాడు. తన లెక్కా చూసుకున్నాడు. అతను చదువుకున్నవాడే. "సున్నా," అన్నాడు.

"మరింకేంది?"

దివాకర్ ఆ సంగతి ప్రత్యేకాధికారికి విన్నవించాడు. ఆయన ఫైలు మీద రాసి పంపిన జవాబు ఇది: "తేడా సున్నా అని తేలినందున, మార్చవలసిన అవసరం కూడా సున్నా అని భావించడమైనది."

సాంబయ్య సామ్రాజ్యాన్ని ఓదార్చడానికి వచ్చాడు. ఆయనది ఆమె ఎదురిల్లే. ఆరో వరుసలో పదకొండో ఇల్లు, రోడ్డుకి అవతలి పక్క. వంటింట్లో కిందటేడే గ్రానైటు గట్టు వేయించుకున్నాడు.

"నలుగురికీ నీళ్ళొస్తాయంటే ఒక కొంప పోతే తప్పేంది, సామ్రాజ్యం? ఊరికోసం చేసిన త్యాగం ఊరికే పోదు."

"ఇంతకుముందు ఒకటి చేశాగా సాంబయ్యన్నా. నీళ్ళ కిందే ఉంది."

సర్వే గురించి ప్రత్యేకాధికారి ఇచ్చిన సర్క్యులర్‌లో ఒక వెసులుబాటుంది. ప్రతి మంగళవారం సర్వే మళ్ళీ జరుగుతుంది. వరుసగా రెండు మంగళవారాలు ఒకే చోట పడితేనే బిందువు స్థిరపడినట్టు. అప్పుడే బోరు బండి వస్తుంది. సర్వేలో ఎనిమిది నుంచి పదకొండు గంటల మధ్య వెలుగుతున్న పొయ్యిల్నే లెక్కలోకి తీసుకుంటారు. ఆరిపోయిన పొయ్యి ఖాళీ ఇంటి కిందికి వస్తుంది. ఈ మాట పెట్టింది విఠలేశ్వరరావుగారే. తాళాలేసిన ఇళ్ళు లెక్కలోకి వచ్చి గణితం పాడవకూడదని ఆయన ఉద్దేశం.

హుసేను ఈ సర్క్యులర్‌ని రెండు సార్లు చదివించుకుని గళ్ళ ముందు కూర్చున్నాడు. ఒక గింజ తీసి తూర్పు చివర పెట్టాడు. మళ్ళీ తీసి ఇంకోచోట పెట్టాడు. సామ్రాజ్యం ఎదురుగా కూర్చుంది.

"అమ్మాయ్, ఇందులో కిటుకుంది. తూర్పునున్నోడు ఇంకా తూర్పుకి పోయాడనుకో, బిందువు కదలదు. వంద మంది పోయినా కదలదు. పడమటోడు నడిమి రోడ్డు దాటి అవతలకి పోవాల. అప్పుడు కదుల్తది."

"ఎంతమంది దాటాల మావా?"

"ఒక్కడు చాలు."

"ఒక్కడా?"

"నూట ఇరవై, నూట ఇరవై సరిసమానంగా ఉండాయి గదా. త్రాసులో ఒక్క గింజ అటేస్తే చాలు. మా కూతురు బీబీ మా వరుసలోనే పదిహేడో ఇంట్లో ఉంది. దాని చేతి కూడు తిని చాన్నాళ్ళయింది."

మంగళవారం ఇల్లు మారకూడదంటారు. ఆ మంగళవారం పొద్దున ఏడున్నరకి హుసేను తన ఇనప పొయ్యిని నెత్తిన పెట్టుకుని నడిమి రోడ్డు దాటాడు. కూతురింటి వసారాలో పెట్టి వెలిగించి, టీ కాశాడు. సర్వేవాళ్ళు వచ్చి పొయ్యి రాసుకున్నారు, టీ తాగి వెళ్ళారు. కంప్యూటరు జవాబు చెప్పింది. ఆరో వరుస, పదకొండో ఇల్లు.

దివాకర్ పసుపు రంగు డబ్బా పట్టుకుని సాంబయ్య ఇంట్లోకి వెళ్ళాడు. గ్రానైటు మీద రంగు వెంటనే ఆరలేదు.

"ఇదేంది సార్! ఇక్కడికెట్టా వచ్చింది? ఎవరిదో పొరపాటు."

"పొరపాటు లేదండీ. ఒక పొయ్యి జరిగింది."

"ఒక పొయ్యి జరిగితే నా ఇల్లు కూలుస్తారా?"

గుమ్మంలో నిలబడ్డ సామ్రాజ్యం, "నలుగురికీ నీళ్ళొస్తాయి గదా అన్నా," అంది.

సాంబయ్య ప్రెసిడెంటు కావడం ఊరికే కాలేదు. తర్వాతి మంగళవారానికి తూర్పు వైపు నుంచి ఇద్దరు బంధువుల్ని పొయ్యిలతో సహా పడమటికి పంపాడు. బిందువు మళ్ళీ సామ్రాజ్యం పొయ్యి మీదకి వచ్చింది. ఆ పై మంగళవారం పడమటి వైపు నుంచి నాలుగు పొయ్యిలు తూర్పుకి దాటాయి. బిందువు సాంబయ్య గట్టెక్కింది. అయిదో వారానికి మంగళవారం పొద్దున ఎనభై ఆరు పొయ్యిలు నడిమి రోడ్డు దాటాయి. కొన్ని అటు, కొన్ని ఇటు. గ్యాసు పొయ్యిలున్నవాళ్ళు బండను సైకిలు మీద పెట్టి తోసుకుపోయారు. ఎదురుపడ్డవాళ్ళు ఆగి మాట్లాడుకున్నారు.

"ఎటు వదినా, తూర్పుకేనా?"

"ఈ వారం తూర్పే. పోయిన వారం సాంబయ్య మావ పిలిస్తే పడమటికి పోయాం. కూర బాగా పెట్టలా."

ప్రత్యేకాధికారి కార్యాలయం దీన్ని వైఫల్యంగా చూడలేదు. బిందువు కదులుతోందంటే ప్రజలు పథకంలో పాల్గొంటున్నట్టేనని పైకి నివేదిక వెళ్ళింది. కదిలే బిందువును పట్టుకోవడానికి మరింత సిబ్బంది కావాలని అదే నివేదికలో రాశారు. సిబ్బంది వచ్చారు. కాలనీకి నైరుతి మూల, మొదటి వరుస మొదటి ఇల్లు దాటాక, రేకుల షెడ్డు వేసి క్యాంపు ఆఫీసు పెట్టారు. ప్రత్యేకాధికారికి అందులో ఒక గది కట్టారు. సర్వేయర్లు, వాళ్ళ మీద సూపర్‌వైజర్లు, డ్రైవర్లు, వాచ్‌మెన్లు, వీళ్ళకు వండేవాళ్ళు కలిపి అరవై మంది అయ్యారు. వాళ్ళకు నీళ్ళు ట్యాంకరులో వచ్చేవి. అందుకని కాలనీకి వచ్చే ట్యాంకరు రోజు విడిచి రోజు కాకుండా మూడు రోజులకోసారి వచ్చేది.

ఉత్తర్వులు వారం వారం వచ్చాయి. మంగళవారం ఎనిమిది నుంచి పదకొండు వరకు పాసు లేకుండా పొయ్యితో నడిమి రోడ్డు దాటరాదు. జనం పొయ్యిలు ఇంట్లోనే వదిలి అవతలికెళ్ళి మూడు ఇటుకలు పెట్టి వెలిగించారు. అందుకని పొయ్యికి నిర్వచనం ఇచ్చారు: మూడు ఆధారాలు, నిప్పు, నిప్పు మీద పాత్ర. జనం ఖాళీ గిన్నెలు పెట్టారు. పాత్రలో పదార్థం ఉండాలని సవరణ చేశారు. సర్వేయర్లు గరిటెలతో తిరిగారు. ఒక గిన్నెలో ఉత్త నీళ్ళు మరుగుతున్నాయి. నీళ్ళు పదార్థమా కాదా అన్నది తేల్చడానికి ఫైలు జిల్లాకు వెళ్ళింది. ఆ నీళ్ళు ఎక్కడివని మాత్రం ఎవరూ అడగలేదు.

దివాకర్ ఒక రోజు తనకోసం ఒక లెక్క వేసుకున్నాడు. నడక తగ్గించడానికి అయిదు మంగళవారాల్లో జనం పొయ్యిలు మోసుకుని నడిచిన దూరమది. కాగితం చూసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

ఫిబ్రవరిలో మిరప కోతలు మొదలయ్యాయి. కాలనీలో పని చెయ్యగలవాళ్ళందరూ ఆ నెలా నలభై రోజులూ కోతలకు పోతారు. ఏడాదిలో గట్టిగా కూలి దొరికేది అప్పుడే. ముఠాలుగా ట్రాక్టర్లెక్కి పోయి, చేలల్లోనే గుడిసెలు వేసుకుని, అక్కడే వండుకుంటారు. సామ్రాజ్యం వెళ్ళే ముఠాకి మేస్త్రి కోటమ్మ. ఆమె ట్రాక్టరు ఆపి కేకేసింది.

"ఎక్కవే! ఇంకా మూట కట్టలేదేంది?"

"నేను రావడంలా అక్కా."

"పిచ్చి పట్టిందా? నలభై రోజుల కూలి."

"నేనొస్తే పొయ్యి ఎవరెలిగిస్తారు? మంగళవారం ఆరిపోయుంటే ఖాళీ కొంపంటారు. నేనొచ్చేసరికి ఇక్కడ గుంత ఉంటది."

కోటమ్మ కాసేపు ఆలోచించింది. "పోనీ పొయ్యి తెచ్చుకో," అంది.

"పొయ్యి తెచ్చుకుంటా. ఇల్లు తెచ్చుకోలేను గదా."

ట్రాక్టరు పోయింది. ఆ వారంలో సాంబయ్య కుటుంబం కూడా పోయింది. కాలనీలో ముసలివాళ్ళు, మంచాన పడ్డవాళ్ళు, హుసేను, సామ్రాజ్యం మిగిలారు. వాళ్ళలో ఏ వారం ఎవరు పొయ్యి వెలిగిస్తారో తెలియదు కాబట్టి బిందువు వరుసగా రెండు మంగళవారాలు ఒకచోట నిలవలేదు.

మార్చి రెండో వారంలో పైనుంచి తాఖీదు వచ్చింది. నెలాఖరులోగా బోరు పడకపోతే మంజూరు మురిగిపోతుంది. విఠలేశ్వరరావుగారు రెండు మంగళవారాల నియమాన్ని సడలించారు. వచ్చే మంగళవారం సర్వేనే తుది సర్వే అనీ, ఆ రోజు బిందువు ఎక్కడ పడితే అక్కడ, ఏ కట్టడమున్నా, ఎవరిదైనా, మినహాయింపు లేకుండా తొలగించి బోరు వెయ్యాలనీ ఉత్తర్వు ఇచ్చారు. "ఎవరిదైనా" అన్న మాట కింద గీత గీశారు.

సామ్రాజ్యం హుసేను అరుగు దగ్గరికి వెళ్ళింది. చింతగింజలు చాలా మటుకు డబ్బాలో ఉన్నాయి. గళ్ళ మీద ముప్పై దాకా ఉన్నాయి.

"ఇప్పుడెవరు దాటతారు మావా? నడవగలిగినోళ్ళు లేరు."

హుసేను గళ్ళవంక చూస్తూ, "ఈ ఆట నాకు తెలవట్లా అమ్మాయ్. మేకలన్నీ మేతకి పోయినయ్," అన్నాడు. "నీ పొయ్యి ఎలిగించుకో. నేను నాది ఎలిగిస్తా. తర్వాత దేవుడున్నాడు."

తుది సర్వే చూడ్డానికి జిల్లా నుంచి పెద్దలు వస్తున్నారు. వాళ్ళ ముందు కాలనీవాసులు ఉండాలి కాబట్టి, ఆ మంగళవారం కనిష్ఠ దూరంపై అవగాహన సదస్సు పెట్టారు. వచ్చినవాళ్ళకు క్యాంపులోనే పొద్దున ఉప్మా, మధ్యాహ్నం భోజనం. ముసలివాళ్ళను ఆటోల్లో తీసుకొచ్చారు. వాళ్ళు పొద్దున్నే వచ్చి బల్లల మీద కూర్చున్నారు. ఉప్మా బాగుందన్నారు. ఇంటి దగ్గర ఎవరూ పొయ్యి వెలిగించలేదు. వెలిగించే పని లేకపోయింది.

ఎనిమిదింటికి సర్వే మొదలైంది. సర్వేయర్లు పన్నెండు వరుసలూ తిరిగారు. వెలుగుతున్న పొయ్యిలు కాలనీలో మూడు కనబడ్డాయి. ఒకటి సామ్రాజ్యానిది. ఆమె సదస్సుకి పోలేదు. సంగటి కెలుకుతూ తలుపుకి ఎదురుగా కూర్చుంది. రెండోది హుసేనుది. మూడోది తొమ్మిదో వరుసలో మంచాన పడ్డ ఒక ముసలామెది. ఆమె కోడలు గంజి కాస్తోంది.

తుది సర్వేకి కాలనీ హద్దుల్లో ఉన్న ప్రతి పొయ్యీ రాయాలి. హద్దు రాళ్ళు క్యాంపు ఆఫీసు అవతల ఉన్నాయి. సర్వేయర్లు ఉత్తర్వు ప్రకారం క్యాంపులోకి వచ్చారు. వంటషెడ్డులో నాలుగు గాడిపొయ్యిలు, డ్రైవర్ల టీ పొయ్యి ఒకటి, వాచ్‌మన్ కుంపటి ఒకటి. ప్రత్యేకాధికారి గదిలో కరెంటు పొయ్యి మీద ఆయనకు గోధుమరవ్వ జావ కాగుతోంది. కరెంటు పొయ్యిలో నిప్పు ఉందా అని ఒక సర్వేయరు అడిగాడు. ఎర్ర దీపం వెలుగుతోంది కాబట్టి వెలుగుతున్నట్టేనని సూపర్‌వైజరు తేల్చాడు.

మొత్తం పది పొయ్యిలు. కంప్యూటరుకి ఒక నిమిషం పట్టలేదు.

దివాకర్ తెర వంక చూసి, పసుపు రంగు డబ్బా తీసుకుని, ప్రత్యేకాధికారి గది తలుపు తట్టాడు. లోపల జిల్లా పెద్దలిద్దరు కూర్చుని ఉన్నారు.

"ఎక్కడ పడింది?" అని విఠలేశ్వరరావుగారు అడిగారు.

"సార్, కొంచెం లేస్తారా?"

"ఎందుకు?"

"మీ కుర్చీ పక్కన, పొయ్యి మీద పడింది సార్. పదిలో సగం అయిదు. పడమర నుంచి లెక్కపెట్టినా అయిదోది అదే. దక్షిణం నుంచి లెక్కపెట్టినా అయిదోది అదే."

జావ పొంగింది.

"నేను కాలనీవాసిని కాను కదయ్యా."

"ఉత్తర్వులో మనుషుల ప్రస్తావన లేదు సార్. పొయ్యి అనే ఉంది."

"ఇది ప్రభుత్వ కట్టడం."

"'ఏ కట్టడమున్నా, ఎవరిదైనా' అని ఉంది సార్. 'ఎవరిదైనా' కింద గీత కూడా ఉంది."

జిల్లా పెద్దల్లో ఒకాయన ఉత్తర్వు అడిగి తీసుకుని చదివారు. గీతను వేలితో తాకి చూశారు. విఠలేశ్వరరావుగారు దివాకర్‌ని వెనక గదిలోకి పిలిచారు. పావుగంట తర్వాత సవరణ ఉత్తర్వు టైపయింది. అందులో ఇలా ఉంది: "గణిత సూక్ష్మాలను మానవీయ కోణంలో అన్వయించవలసి ఉన్నందున, కనిష్ఠ దూర బిందువు అనగా సదరు బిందువుకు ఏ దిక్కునైనా పద్దెనిమిది అడుగుల లోపు గల ఖాళీ స్థలము కూడా అని గ్రహించవలెను."

గదిలోని పొయ్యి నుంచి షెడ్డు ముందున్న ఖాళీ జాగాకి పదిహేడున్నర అడుగులు వచ్చింది. బోరు బండి అక్కడ నిలబడింది.

సవరణ ఉత్తర్వును మైకులో చదివారు. ఆరో వరుస దాకా వినబడింది. సామ్రాజ్యం సంగటి గిన్నె దించి, పొయ్యి ఆర్పకుండా, క్యాంపు దాకా నడిచి వచ్చింది. మోకాలు నొప్పి కాబట్టి అరగంట పట్టింది.

"దివాకరు సారూ, పద్దెనిమిది అడుగులన్నారా?"

"అవునమ్మా."

"నా ఇంటికాడ నేనడిగింది అదే గదా. మీరే టేపు పెట్టి కొలిచారు."

"అప్పుడు ఈ ఉత్తర్వు లేదమ్మా."

"ఇప్పుడుందిగా. ఆ నడిమి రోడ్డు పక్కన ఎయ్యండి. ఊరికి మధ్యలో ఉంటది. నా కొంపా ఉంటది."

దివాకర్ బోరు బండి వంక చూశాడు. "ఇప్పుడు బిందువు అక్కడ లేదమ్మా," అన్నాడు.

"అయితే నా ఇల్లు?"

"మీ ఇల్లు మీదే. ఎవరూ ముట్టుకోరు."

"కాగితమియ్యి."

అతను జేబులోంచి మడిచిన కాగితం తీసి, వెనకవైపు ఆ మాట రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ముందువైపు ఏవో అంకెలున్నాయి. ఆమెకు వాటితో పని లేదు.

మూడు వందల పది అడుగుల దగ్గర నీళ్ళు పడ్డాయి. నెలాఖరుకి కుళాయి బిగించారు. తుది నివేదిక వెళ్ళింది. అందులో ప్రతి అంకె నిజమే. సర్వే నాటికి వెలుగుతున్న పొయ్యిల్లో డెబ్బై శాతం కుళాయికి పాతిక అడుగుల లోపే ఉన్నాయి. రాష్ట్రంలో మరే కాలనీలోనూ ఇది పది శాతం దాటలేదు. బోడిమెట్ట మొదటి స్థానంలో నిలిచింది. నివేదిక వెళ్ళిన మర్నాడు క్యాంపు ఎత్తేశారు. గాడిపొయ్యిలు, కుంపటి, కరెంటు పొయ్యి లారీలో పోయాయి. ట్యాంకరు కూడా ఆగిపోయింది. కుళాయి ఉన్న ఊరికి ట్యాంకరు ఎందుకని పైవాళ్ళు రాశారు.

ఏప్రిల్ మొదట్లో కోతలకు పోయినవాళ్ళు తిరిగివచ్చారు. కుళాయి ఎక్కడని అడిగారు. చూపించారు. పన్నెండో వరుస ఇరవయ్యో ఇంటి నుంచి అక్కడికి వెయ్యి అంగలు. సాంబయ్య తన వంటగట్టు మీద పసుపు గుర్తును కొబ్బరి పీచుతో రుద్ది చూశాడు. పోలేదు.

అవార్డు సభ కుళాయి దగ్గరే పెట్టారు. షామియానా వేసి, యాభై ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కుళాయి దగ్గర నీళ్ళు పట్టే లబ్ధిదారు ఫొటో కావాలి. సామ్రాజ్యం పేరు రికార్డుల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు ఉంది కాబట్టి ఆమెకు కబురు చేశారు. ఆమె బిందె చంకన పెట్టుకుని ఆరో వరుస నుంచి నడిచి వచ్చింది. పట్టిన బిందెను నాలుగు కెమెరాలు తీశాయి.

విఠలేశ్వరరావుగారు కనిష్ఠ దూరం గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. తర్వాత మైకు ఆమెకిచ్చి, రెండు ముక్కలు చెప్పమన్నారు.

సామ్రాజ్యం నిండు బిందెను కింద పెట్టి, ఒక కుర్చీలో కూర్చుని, మైకు దగ్గరికి లాక్కుంది.

"కుళాయి బాగుందండి. నీళ్ళూ బాగున్నాయి. ఒక్కటే అడుగుతా సారూ. పోయేటప్పుడు అన్నీ తీసుకుపొండి గానీ ఈ కుర్చీలు మాత్రం తీసుకుపోమాకండి. ఇంత దూరం నడిచొచ్చాక కాసేపు కూర్చోవాల. మళ్ళీ నిండు బిందెతో పోవాల గదా. దోవలో కూడా అక్కడక్కడా నాలుగేస్తే పుణ్యం."

అందరూ చప్పట్లు కొట్టారు. విఠలేశ్వరరావుగారు కూడా కొట్టారు. ఆ కోరికను ఆయన అక్కడే నోటు చేసుకున్నారు. లబ్ధిదారుల విశ్రాంతి కోసం కుర్చీలు మంజూరు చెయ్యడానికి సూత్రప్రాయంగా అంగీకరిస్తూ, ఎక్కడెక్కడ వేస్తే అందరి మొత్తం దూరం కనిష్ఠంగా ఉంటుందో తేల్చడానికి సర్వే జరుగుతుందని ప్రకటించారు.

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి సర్వేవాళ్ళు పసుపు రంగు డబ్బాతో కాలనీలోకి వచ్చేసరికి నడిమి రోడ్డుకి అటు నలభై ఇళ్ళకీ ఇటు నలభై ఇళ్ళకీ తాళాలు వేసి ఉన్నాయి. సామ్రాజ్యం తన గడపలో కూర్చుని మేకలకు ఆకు వేస్తోంది.

"వీళ్ళంతా ఎక్కడికి పోయారమ్మా?" అని దివాకర్ అడిగాడు.

"పొయ్యిలెత్తుకుని చుట్టాలింటికి," అంది.